సబ్బు రాసిన అద్దం

"అది పొగమంచు కాదండీ, సబ్బు."

చీకట్లో వెనక నుంచి వినిపించిన ఆ మాటకు లెక్చరర్ చేతిలోని పెన్ను జారి కింద పడింది. అంతసేపూ ఆ గదిలో తానొక్కడే ఉన్నాననుకున్నాడు.

అతను కాలేజీలో సినిమా పాఠాలు చెబుతాడు. దేశం కోసం ఉరికంబం ఎక్కిన వీరుడి మీద అరవై ఏళ్ల కిందట తీసిన నలుపు తెలుపు సినిమా గురించి పుస్తకం రాస్తున్నాడు. దాని చివరి రీలులో ప్రతి షాటునూ విడదీసి చూడటానికే ఈ పాత ఫిల్ముల భవనానికి వచ్చాడు.

లైటు వెలిగింది. ఎదురుగా ప్రింట్లు బాగుచేసే అమ్మాయి. అక్కడ అందరూ ఆమెను 'కత్తెర' అంటారు. పనిని బట్టో, నోటిని బట్టో ఎవరూ తేల్చి చెప్పరు.

"నా నోట్సు చదివారా?"

"అంత పెద్ద అక్షరాలతో రాస్తే తెర వెలుగులో కనపడదా? 'వసారా చివర కిటికీకి మసక అద్దం, జీవితానికీ మరణానికీ మధ్య పొగమంచు' అట! కెమెరా, లైట్లు అద్దంలో కనపడకూడదని సబ్బు రాస్తారు సార్. అంతే."

"మరి చివరి రీలంతా హీరో వీపే చూపించడం? అదీ సబ్బేనా? అతను ఒక మనిషి కాదు, జాతి మొత్తం అని డైరెక్టర్..."

"ముఖం చూపించడానికి హీరో ఉంటే కదా! షూటింగ్ మధ్యలోనే పోయాడాయన. డైలాగులు ముందే రికార్డు చేశారు. నడిచింది డూపు."

లెక్చరర్ మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆమె లైటు ఆర్పి రీలు నడిపింది.

గొలుసుల చప్పుడు. జైలు వసారాలో ఒక వీపు నెమ్మదిగా దూరమవుతోంది. "నేను వెళ్లడం లేదు. మీ మధ్యనే ఉంటాను" అంటోంది గొంతు. చచ్చిపోయినవాడి గొంతు, ముఖం లేనివాడి నడక. కిటికీలు లేని ఆ చల్లటి గదిలో అతని ఒళ్లు గగుర్పొడిచింది.

"ఆ డూపు ఎవరో తెలుసా?" అన్నాడు.

ఆమె రీలు ఆపింది.

"మా తాతయ్య."

స్టూడియోలో లైట్లు మోసేవాడట. పెళ్లయిన ఏడాదికే, ఈ సినిమా విడుదల కాకముందే, జ్వరంతో పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మమ్మ తన కూతురిని, తర్వాత మనవరాలిని, ఈ సినిమా ఎక్కడ ఆడితే అక్కడికి తీసుకెళ్లి చూపించేది.

"'ముఖం మర్చిపోయానే, వీపొక్కటే గుర్తుంది' అంటుంది అమ్మమ్మ. నాకు మాత్రం చిన్నప్పుడు చచ్చేంత భయం. ఈసారి వెనక్కి తిరుగుతాడేమోనని కళ్లు మూసుకునేదాన్ని." నవ్వబోయింది కానీ కుదరలేదు. "ఇప్పుడు తిరిగితే బాగుండనిపిస్తుంది. మూడేళ్లుగా ఇక్కడ వెతుకుతూనే ఉన్నాను."

మర్నాటి నుంచి లెక్చరర్ రోజూ వచ్చాడు. ఒక్క రీలు చాలన్నవాడు మొత్తం పన్నెండూ కావాలన్నాడు.

"మీ పుస్తకం ఎప్పటికి పూర్తవుతుంది?" అనేది కత్తెర.

"మీరు ఒక్క పేజీనైనా మెచ్చుకున్నాక."

"అయితే మీరు ఇక్కడే రిటైరవుతారు."

పద్నాలుగో రోజు మధ్యాహ్నం బయట వాన మొదలైంది. లోపల చివరి రీలు నడుస్తోంది. తెర మీద కూడా వానే. వసారా చివరి కిటికీ అద్దాన్ని జల్లు కొడుతోంది.

"ఆపండి!" అన్నాడు లెక్చరర్. "సబ్బు రాసింది అద్దానికి ఏ వైపు?"

"మరకలు చూస్తే బయటివైపే."

"అయితే వానకు కరగాలి కదా?"

ఆమె ఫిల్మును ఎడిటింగ్ బల్ల మీదకు మార్చి ఒక్కో ఫ్రేమూ చేత్తో తిప్పసాగింది. అద్దం మీద తెల్లటి పొర చారలు చారలుగా జారుతోంది. ఒక చార. ఇంకో చార. వాటి వెనక నల్లటి అద్దం.

ఆ నలుపులోంచి ఒక నుదురు బయటపడింది. తర్వాత కనుబొమలు.

తర్వాత కళ్లు.

అవి నేరుగా వీళ్లనే చూస్తున్నాయి. ఇవతల వీపు బిగుసుకుని ఉరికంబం వైపు నడుస్తోంది. అవతల అద్దంలో ముఖం నవ్వుతోంది. పదకొండు ఫ్రేములు, అర సెకను కూడా లేదు. ఆ తర్వాత నీళ్లు కమ్మేశాయి.

లెక్చరర్ పక్కకు తిరిగితే అవే కళ్లు, అంతే వెడల్పుగా, నీళ్లు నిండి ఉన్నాయి. ఆమె ఎప్పుడు పట్టుకుందో, అతని చెయ్యి ఆమె చేతిలో ఉంది. వదల్లేదు, ఇద్దరూ.

ఆదివారం ఆ ఫ్రేమును పెద్దగా ప్రింటు తీసి అమ్మమ్మ దగ్గరకు తీసుకెళ్లారు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది. చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నవాడా!" అంది చివరికి. "నేనేమో ఇంత ముసలిదాన్నయ్యాను. ఎదురుపడితే గుర్తుపడతాడంటావా?"

కత్తెర ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"చావబోయేవాడు నవ్వుతున్నాడేమిటా అని ఆలోచిస్తున్నానండీ..." అన్నాడు లెక్చరర్, ఏదో ఒకటి అనాలని.

"ఆలోచించడానికేముంది నాయనా! ఆ రోజు క్యారేజీ తీసుకుని వెళ్లాను. కెమెరా పక్కన నిలబెట్టారు. అద్దంలో నేను కనబడి ఉంటాను. నన్ను చూసి నవ్వాడు." ఫోటోను ఒళ్లో బోర్లించి అతని వైపు తిరిగింది. "అయితే నీ పని అయిపోయినట్టేగా? ఇంక ఆ చీకటి గదికి రానక్కర్లేదు?"

"వస్తానండీ."

"దేనికి?"

లెక్చరర్ చెవులు ఎర్రబడ్డాయి. "మీ మనవరాలి కోసం. మీరు ఒప్పుకుంటే... తను కూడా."

"నాదేముంది, దాన్ని అడుగు" అంది అమ్మమ్మ, అతని తల నిమిరి.

కత్తెర పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"రెండు వారాలకు అర్థమయ్యేలా ఒక్క మాట చెప్పారు" అంది. "ఈ పేజీ బాగుంది సార్."