బస్తా కుట్టు

పొద్దున్నే కాఫీ కలుపుకుని ఆయన కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు. కుర్చీలో దూదిపొర చుట్ట ఉంది. బల్ల నిండా దారపు కండెలు. సోఫాలో ఎవరివో బొంతలు మడతపెట్టి ఉన్నాయి. చివరికి వంటగట్టుకు ఆనుకుని, నిలబడే తాగాడు.

"ఇల్లా ఇది, దూది కొట్టా?" అన్నాడు గోడతో. రోజూ అనే మాటే.

భార్య పోయిన ఏడాదికి కూతురు ఉద్యోగం మానేసి, స్నేహితురాలితో కలిసి ఈ వ్యాపారం పెట్టింది. గుడ్డముక్కలు జోడించి పైబట్ట కుట్టుకున్నవాళ్లు దాన్ని తెచ్చి ఇస్తారు. పైబట్ట, మధ్యలో దూదిపొర, కింద అడుగుబట్ట, ఈ మూడింటినీ రోలర్లకు బిగించి, లాంగ్ ఆర్మ్ మిషను మీద పువ్వులూ తీగలూ తిప్పుతూ బొంతగా కుట్టి ఇస్తారు. ఆ మిషను చెయ్యి మనిషి చెయ్యికన్నా పొడుగు. దాన్ని మోసే ఇనప చట్రం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. అది పట్టే గది ఇంట్లో ఒక్కటే. భార్య మంచం ఉండిన గది. కూతురు అడిగినప్పుడు ఆయన ఔననలేదు, కాదనలేదు. మిషను దిగింది. ఆ రోజు నుంచి ఆయన ఆ గడప దాటలేదు.

స్నేహితురాలిని అందరూ పిట్ట అంటారు. చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లోనే తిని, ఈ ఇంట్లోనే వాగి పెరిగింది. ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయన తిట్టినా నవ్వుతుంది. అదే ఆయనకు ఒళ్లుమంట.

నెలాఖరుకల్లా మిషను తీసేయమని మొన్న తెగేసి చెప్పాడు. చెవులు చిల్లులు పడుతున్నాయన్నాడు. ఆ చట్రం పట్టే చోటు బయట ఎక్కడా దొరకలేదని, దుకాణం కట్టేయాల్సిందేనని పిట్ట గొణిగింది. ఆయన విననట్టు పేపరు తిప్పాడు.

ఇవాళ మిషను మోగడం లేదు. అదీ బాగాలేదు. వసారాలోకి వెళ్లాడు, వచ్చాడు. పంపు కట్టేసి ఉందో లేదో చూశాడు. మళ్లీ వసారాలోకి వెళ్లాడు. ఆ గదిలోంచి పుటుక్ పుటుక్‌మని దారం తెగుతున్న చప్పుడు. ఇక ఉండబట్టలేక గుమ్మం దగ్గరికి వెళ్లి తొంగిచూశాడు.

బల్ల మీద పరిచి ఉన్నది ఆయన భార్య కుట్టిన పైబట్ట. నీలం ముక్కలూ గోధుమరంగు ముక్కలూ. బీరువా అడుగున ఉండాల్సింది. నాలుగో వైపు అంచుపట్టీ ఊడి వేలాడుతోంది. పిట్ట చేతిలో కుట్లు విప్పే ములుకు. పక్కన కత్తెర. నేల మీద తెగిన దారాల కుప్ప.

"ఎవరు తీయమన్నారు దాన్ని?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "నేనే నాన్నా," అంది కూతురు. "మిషను వెళ్లిపోయేలోపు అమ్మ బొంత పూర్తిచేసి నీకిద్దామని..."

"నేనడిగానా?"

"ఈ ఒక్క అంచే అలలు తిరిగిపోయింది బాబాయ్. పట్టీ పొడుగైపోయింది. ఇలాగే రోలరుకెక్కిస్తే అంతా మడతలు పడుతుంది," అంది పిట్ట. "అందుకే విప్పి, కాస్త కోసి..."

"కోశారా?"

"ఇంకా లేదు."

"కత్తెర ముట్టుకోకు. పనికిమాలిన పిల్లా! చచ్చిపోయిన మనిషి కుట్లు విప్పడానికి నీకు చేతులెలా వచ్చాయి? నెలాఖరు లేదు, ఏమీ లేదు. ఇవాళే సర్దండి. ఆ ఇనప దయ్యమూ, నువ్వూ, నీ దారాలూ, అన్నీ బయటికి!"

"దాన్నెందుకంటావు? చెప్పింది నేను!" కూతురి గొంతు లేచింది. "అమ్మకు చేతులు వణికేవి. ఆ వంకర కుట్లు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? అమ్మ పనితనం తక్కువైందని అనిపించుకోవడం నాకిష్టం లేదు. నీకేం? కుట్టు గురించి నీకేం తెలుసు? అమ్మ మంచాన పడ్డప్పుడు నేను ఎప్పుడు ఇంటికొచ్చినా నువ్వు వసారాలో తిరుగుతూనే ఉన్నావు. ఒక్కసారైనా ఆవిడ పక్కన కూర్చోగా చూడలేదు నేను. ఇప్పుడు ప్రేమ పొంగుకొచ్చిందా?"

ఆయన గుమ్మం చెక్క పట్టుకున్నాడు. వెనక్కి తిరిగాడు.

"ఆగండి బాబాయ్."

పిట్ట నవ్వడం లేదు. ఊడిన పట్టీని వెలుతురుకు పట్టి చూస్తోంది. ఒక కొసన ఇంకా విప్పని కుట్లు కొన్ని మిగిలి ఉన్నాయి.

"ఇది పిన్ని కుట్టు కాదే," అంది ఆయన కూతురితో. "చూడు. మిగతా మూడు వైపులా ఆవగింజల్లా ఉన్నాయి. వణికినా చిన్నగానే వేసింది. ఇక్కడ చూడు, రెండు పేటల దారం, ఇంతింత బారు కుట్లు, ప్రతి కుట్టుకూ వెనక్కి మెలేసి బిగింపు. పట్టీ ముందుగా కొలవను కూడా లేదు. మిగిలిందంతా మూలలో కుక్కేశారు." ఆయన వైపు తిరిగింది. "బాబాయ్, మీరు ధాన్యం గోదాములో ఏం పని చేసేవారు?"

కూతురే అంది, మెల్లగా. "బస్తాల మూతులు కుట్టేవాడు."

ఆయన కిటికీ వైపు చూస్తూ, ఎవరినో తిడుతున్నట్టే చెప్పాడు.

"నువ్వు ఆఫీసుకు వెళ్లాక మీ అమ్మ పక్కన కూర్చునేవాణ్ణి. వేళ్లు వంగడం మానేశాయి దానికి. ఒక్క వైపు మిగిలిపోయింది, ఒక్క వైపు మిగిలిపోయింది అని ఒకటే గొణుగుడు. భరించలేక నేనే సూది పట్టాను. పడుకుని చూస్తూ, బొంత కుడుతున్నారా, బస్తా కుడుతున్నారా అని నవ్వింది. దాని నవ్వు వినడం అదే ఆఖరు. విప్పి మళ్లీ కుడతానన్నాను. చెయ్యి పట్టుకుని, ఉండనివ్వండి అంది."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"అడిగావా?"

కూతురు నేల మీద కూలబడి దారం ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఏ ముక్కా బెత్తెడు పొడుగు లేదు. అయినా ఏరుతూనే ఉంది. "ఇంటికొచ్చేసరికి ఎప్పుడూ వసారాలోనే ఉండేవాడివి..." అంది ఏడుస్తూ.

"నువ్వొచ్చి ఏడ్చేదానివి. అది నేను చూడలేను. లే, ఆ చెత్త వదిలెయ్."

పిట్ట ముక్కు తుడుచుకుని, పెద్ద సూదిలోకి రెండు పేటల దారం ఎక్కించి ఆయన ముందుకు చాచింది. "అంత పొడుగు కుట్లు వేయడం మాకు చేతకాదు. పట్టీ కోయలేదుగా, ఎలా ఉందో అలాగే వేసెయ్యండి. అలల కింద దూది రెండు పొరలు పెడతాను. చాలావరకు అణుగుతుంది."

ఆయన సూదిని చూశాడు. గడపను చూశాడు. లోపలికి వచ్చాడు. మంచం ఉండిన చోట ఇప్పుడు చట్రం కాళ్లున్నాయి. వాటి పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మొదట వేళ్లు తడబడ్డాయి. తర్వాత బిగింపు వాటంతట వాటికే గుర్తొచ్చింది. "ఇలా కూడా కుట్టొచ్చన్నమాట," అంది పిట్ట. "నోర్ముయ్," అన్నాడాయన.

మధ్యాహ్నానికి బొంత రోలర్లకెక్కింది. కూతురు మిషను నడిపింది, పిట్ట అంచు సరిచేస్తూ నడిచింది. చప్పుడు గదిని నింపేసింది. ఆయన బయటికి పోలేదు. ఆఖరి మూల దగ్గరికొచ్చేసరికి బట్ట పొంగి, సూది కింద చిన్న మడత పడింది. కూతురు చప్పున మిషను ఆపింది.

"అయ్యో, మడత పడింది నాన్నా. విప్పి మళ్లీ..."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ."

కూతురు ఆ చేతిని వదల్లేదు. దాని మీద నుదురు ఆనించి, భుజాలు కదిలేలా ఏడ్చింది. ఆయన రెండో చేత్తో ఆమె జుట్టులో చిక్కుకున్న దూదిపోగు తీసేశాడు. తర్వాత విసురుగా చెయ్యి లాక్కుని పిట్ట వైపు తిరిగాడు.

"రేపటి నుంచీ నా కుర్చీలో దూది కనబడిందంటే ఊరుకోను. చెబుతున్నా."