మాంటెవీడియోలో ఎంగిలి

ఫణి పొద్దుటి నుంచీ నోరు తెరుస్తున్నాడు, మూసేస్తున్నాడు. చెప్పాల్సింది చెప్పలేక.

అమెరికాలోని మోరిస్‌విల్ ఆఫీసు నుంచి ప్రాజెక్టు మీద వచ్చిన ఫణికీ దేదీప్యకీ పని నిన్నటితో అయిపోయింది. ఇవాళంతా మాంటెవీడియోలో తిరగడమే. రేపు ఫ్లైటెక్కితే దేదీప్య మోరిస్‌విల్‌కి రాదు, కొత్త ఉద్యోగానికి తిన్నగా ట్రాయ్ అనే ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. ఏడాదిగా పక్క సీట్లో కూర్చున్న పిల్లకి ఒక్క మాట చెప్పడానికి మనవాడికి నోరు పెగల్లేదు. ఎలా పెగులుతుంది? ఆమె అమెరికాలో పుట్టింది, అతనిది హెచ్‌వన్ వీసా. ఈ ప్రేమ గ్రీన్ కార్డ్ కోసమే అనదూ లోకం?

ఆ ఊరికి తొందరన్నది తెలియదు. సాయంత్రమైతే చాలు, ఊరు ఊరంతా నది ఒడ్డున గోడ మీద చేరి, కాళ్లూపుకుంటూ కబుర్లాడుకుంటుంది. చంకలో ఫ్లాస్కు, చేతిలో సొరబుర్ర. అందులో మాతే అనే ఆకుల కషాయం, పీల్చుకోవడానికో ఇనప గొట్టం. అక్కడి ఆఫీసు పెద్దావిడ వీళ్లిద్దరినీ తన బంధువుల మధ్య కూర్చోబెట్టింది. ఒకే బుర్ర, ఒకే గొట్టం, వరసగా అందరూ తాగాల్సిందే. వద్దంటే చిన్నబుచ్చుకుంటారట.

దేదీప్య తాగాక ఆవిడ మళ్లీ వేడినీళ్లు పోసింది. దేదీప్యే ఆ బుర్ర అందుకుని ఫణి చేతికిచ్చింది.

గ్లాసుకి పెదవి తగిలితే అమ్మమ్మ మొట్టికాయలు వేసిన ఇంట్లో పెరిగిన చెయ్యి అది. దానంతట అదే పైకి లేచింది. ఫణి తలెత్తి, నోరు తెరిచి, బుర్ర వంచేశాడు. వేడినీళ్లూ తడి ఆకులూ ముక్కు మీదా చొక్కా మీదా ఒలికిపోయాయి. గోడ మీదున్న వాళ్లంతా పడీపడీ నవ్వారు. దేదీప్య నవ్వలేదు. లేచి గట్టు వెంట నడిచిపోయింది.

ఫణికి పైప్రాణాలు పైనే పోయాయి. మొహం తుడుచుకుంటూ వెంటపడ్డాడు.

"నా ఎంగిలి నీకంత గ్రోస్‌గా ఉంటుందా, ఫణీ?" అందామె వెనక్కి చూడకుండా.

అసహ్యం కాదని, అలవాటని, కన్నతల్లి గ్లాసైనా ఎత్తే తాగుతానని దేవుడి మీద ఒట్టేసి చెప్పాడు. ఆమె కరగలేదు. ఏడాదిపాటు తన లంచ్ బాక్సులోంచి ఏదిచ్చినా వద్దన్నాడట. తనంటే ఇష్టం లేదనుకుని, రోజూ పక్కనే కూర్చుని బాధపడలేకే ట్రాయ్ ఉద్యోగానికి ఒప్పుకుందట.

ఫణి నిలువునా నీరైపోయాడు. ఇంకా దాచుకుని ఏం లాభం?

"ఇష్టం లేకేం, చాలా ఇష్టం. చెప్తే గ్రీన్ కార్డ్ కోసం అనుకుంటావేమోనని భయమేసింది."

దేదీప్య ఆగి, అతని చొక్కాకి అంటుకున్న ఆకు తీసేసింది.

"మా డాడీకి కూడా అదే డౌట్," అంది. "నీ సంగతి చెప్తే నన్ను అదే అడిగారు. నాకు ఆన్సర్ తెలీదని చెప్పాను."

అని ఆష్‌బర్న్‌లో ఉన్న తండ్రికి కాల్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోను అతని చేతిలో పెట్టింది. ఇప్పుడు నువ్వే చెప్పమంది.

అవతల రామమోహన్ గారు హలో అన్నారు.

"అంకుల్, నేను ఫణిని, దేదీప్య కొలీగ్‌ని. తనని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను. గ్రీన్ కార్డ్ క్యూలో నా వంతు వచ్చాకే చేసుకోమన్నా సరే, ఆగుతాను."

ఫణి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దేదీప్య అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఆ క్యూలో నేనూ నిలబడ్డవాణ్ణే బాబూ," అన్నారు రామమోహన్ గారు నెమ్మదిగా. "నీ వంతు వచ్చేదాకా ఆగితే పెళ్లి చూడ్డానికి నేనుండను. వచ్చే ఆదివారం ఇంటికి భోజనానికి రా."