సీటులో ముందు సగం

కల్హేర్ రోడ్డు మలుపులో ధర్మేందర్ శవం బోర్లా పడి ఉంది. ఒంటిమీద కొత్త లెదర్ జాకెట్, లెదర్ ప్యాంటు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బైక్ బ్రేక్ వేయగానే ముందుకు జారి, హ్యాండిల్ వదిలేశాడు. వెనక కూర్చున్న భార్య తిరుమలకు చెయ్యి మాత్రమే విరిగింది.

బతికి బయటపడడమే ఆమె చేసిన పాపమైంది.

"గదే తోసింది నా కొడుకును!" నారాయణఖేడ్ స్టేషన్‌లో అత్త లక్ష్మవ్వ దుమ్మెత్తి పోస్తోంది. "దాన్ని జైల్ల ఎయ్యుండ్రి!"

"లెదర్ జారుతది మేడం. యాక్సిడెంటే," అన్నాడు కానిస్టేబుల్ కిష్టప్ప.

ఎస్సై సుహాసినికి రెండు మాటలూ మింగుడుపడలేదు. అలాంటిదే ఇంకో లెదర్ ప్యాంటు తెప్పించి కిష్టప్ప చేత తొడిగించింది. బొజ్జ లోపలికి పీల్చి, నానా తిప్పలు పడి తొడుక్కున్నాడు.

ధర్మేందర్ బండి వెనక సీటు మీద కూర్చోబెట్టి ముందుకు లాగింది. కదల్లేదు.

ముందు కూర్చోబెట్టింది. ఒక్క గుంజుకు వెళ్ళి ట్యాంకుకు గుద్దుకున్నాడు. సీటు మీద అక్కడ వేలు రాసి వాసన చూసింది: టైర్ పాలిష్.

వెంటనే ఈరయ్యను పిలిపించింది. బస్ డిపో ఎదుట బండ్లు కడిగే వాషింగ్ సెంటర్ అతనిది. ఆ ఉదయం బండి కడిగిందీ అతనే.

"టైర్ పాలిష్ సీటుకు పూస్తరా ఈరయ్యా?"

"పూయం మేడం. కూసున్నోళ్లు జారి పడ్తరు. ఎవరో తెల్వనోళ్లు పూసిండొచ్చు."

"తెల్వనోడు సీటంతా పూస్తడు. ముందు సగమే ఎందుకు మెరుస్తుంది?"

ఈరయ్య తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. నిరుడు సిర్గాపూర్ రోడ్డు మీద అతని కూతురు దీవెనను గుద్ది చంపి, ఆగకుండా పోయిన బండి ధర్మేందర్‌దే. సాక్షులు మాట మార్చారు. కేసు గాలికి పోయింది. ఆ సంగతి తలుచుకుంటే సుహాసినికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"సరే, చెప్పకు. తిరుమలను అరెస్ట్ చేస్త."

"ఆ పిల్లనేమనకుండ్రి!" ఈరయ్య లేచి నిలబడ్డాడు. "వెనక ఆమె కూసుంటదనే గంతవరకు సాఫ్ తుడిచిన. నా పగ వానితోనే. నిరుడు సంది వాని బండి నవ్వుకుంట కడిగిన మేడం. కొత్త లెదర్ ఏసుకొని వచ్చిన నాడు నా పంట పండింది."

బేడీలకు చేతులు చాచాడు.

"ఒక్క మాట చెప్పుండ్రి. వాడు అరిచిండా?"

చెప్పకూడదనుకుంది. చెప్పింది.

"అమ్మా అని అరిచిండట. తిరుమల చెప్పింది."

ఈరయ్య తల ఊపాడు.

"నా బిడ్డకు గంత టైం గూడ ఇయ్యలె."