ఆపితే మళ్ళీ లేచేది

ఆ కళ్ళాసుపత్రిలో మెట్ల కింద గదికి పేరు మంచిది కాదండీ. లోపల ఎవరో కూర్చుని రాస్తూనే ఉంటారట... ఆపినా ఆగరట. నర్సులు చీకటి పడితే అటువైపు తొంగి చూసేవాళ్ళు కాదు.

కొత్తగా చేరిన కంప్యూటరాయన మాత్రం పకపకా నవ్వేశాడు. "దెయ్యమా నా మొహమా! పదండి లోపలికి" అని అందరికీ ధైర్యం నూరిపోశాడు. దాంతో ఆయన పేరే ధైర్యంగారైపోయింది.

ఓ రాత్రి ఆ గదిలోని కంప్యూటరు మిషను పడిపోయింది. తెల్లారితే ఆపరేషన్లు. ఎవరికి ఏ కన్నో, ఏ లెన్సో — అంతా అందులోనే. అది లేవకపోతే రోగులు వెనక్కి... ఈయన ఇంటికి.

తలుపు తీశాడు. నల్లటి తెర. మిషను ఎమర్జెన్సీ మోడ్‌లో ఉంది. అంటే కొన ఊపిరితో ఉందన్నమాట. డిస్కు బాగుచెయ్యబోతే కుదరదంది.

ఎవరో దాని మీద ఇంకా రాస్తున్నారట!

ధైర్యంగారు ఎవరా అని వెతికాడు. లాగింగ్ సర్వీసు. మిషన్లో ఏం జరిగినా వెనకాల కూర్చుని రాసుకుంటూ ఉంటుందే, అది. ఆపాడు.

ఆగింది.

...మళ్ళీ లేచింది.

ఈసారి ఏకంగా చంపేశాడు. హమ్మయ్య అనుకునేలోపే — లేచి కూర్చుంది! తలుపు బార్లా తీసిపెట్టి వదినకి ఫోన్ కొట్టాడు. భార్యకి అక్క. ఇంతకుముందు ఆ ఉద్యోగం ఆవిడదే.

"వదినా..." గుసగుసగా అన్నాడు. "చంపినా లేస్తోంది."

"గొంతు పెంచవయ్యా మరిదీ, అదేం కరవదు! దాన్ని లేపే చిన్న సర్వీసు ఇంకోటుంది, ఆపావా?"

"ఇంకోటా?"

"గుమ్మంలో చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. లోపల ఎవరు కిక్కురుమన్నా దీన్ని తట్టి లేపుతుంది. ముందు దాని పని పట్టు, తర్వాత దీన్ని ఆపు."

ఆపాడు. రెండూ ఆగాయా అని చూశాడు...

లేవలేదు. డిస్కు బాగైంది. కాసేపటికి రేపటి రోగుల పేర్లన్నీ తెర మీదికొచ్చాయి. ధైర్యంగారు కుర్చీలో కూలబడ్డాడు.

"మరి ఈ దెయ్యం కథ ఎవరు పుట్టించారు వదినా?"

"నేనే."

"నువ్వా!"

"ఫోన్ చార్జింగ్ కోసం మిషను ప్లగ్గు పీకేసి, మళ్ళీ పెట్టేసేవాళ్ళయ్యా. అందుకే అది పడిపోయేది. బతిమాలితే వినలేదు, దెయ్యమంటే విన్నారు. మళ్ళీ ఎవరికొచ్చిందో ఆ ధైర్యం?"

ధైర్యంగారు వంగి బల్ల కింద చూశాడు. మిషను వైరు పక్కనే ఎవరిదో చార్జరు... ఫోన్ పెట్టేశాడు.

పొద్దున్నే ఆపరేషన్లు మొదలయ్యాయి. నర్సులు చుట్టూ మూగి, "ఏమైనా కనిపించిందా సార్?" అన్నారు.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"చంపానమ్మా... నా కళ్ళముందే లేచింది. ఎవరైనా ప్లగ్గు పీకారో — ఆ రాత్రికి వస్తుంది."

అందులో ఒక్క ముక్కైనా అబద్ధముందేమో మీరే చెప్పండి!