తన్నని బండి

అది కాదే తల్లీ, గేరు పడినప్పుడు బండి కుదుపిచ్చి తన్నిందంటే రోగం కాదు, ఒంట్లో సత్తువున్నట్టు. నమ్మవా? అయితే నత్త సంగతి రాసుకో. నెమ్మదిగానే చెబుతాలే.

ఆ ఏజెంటును డిపార్టుమెంటులో అందరూ నత్త అనేవాళ్లు. మాట నెమ్మది, నడక నెమ్మది. పట్టు మాత్రం ఉడుంపట్టు.

పెద్దసారు తలుపు గడియపెట్టి మరీ విషయం చెప్పాడు.

"మన కోడ్‌లన్నీ తయారుచేసిన సైంటిస్టుని ఓ ముఠా ఎత్తుకుపోయింది. రేపు సరిహద్దు వంతెన దాటించేస్తారు. దాటితే మన గుట్టంతా వాళ్ల గుప్పిట్లోనే. అచ్చుగుద్దినట్టున్న మూడు నల్ల ఎస్‌యూవీలు బయల్దేరతాయి. మనిషి ఏ బండిలో ఉంటాడో తెలీదు. తప్పు బండి ఆపామా, అసలు బండిలో అతని మెడలో విషపు సూది దిగుతుంది."

"ఆయన మా అక్క మొగుడు సార్."

"తెలుసు. అందుకే నిన్ను వద్దనుకున్నా. కానీ గేర్‌బాక్స్ విప్పగలిగిన ఏజెంటువి నువ్వొక్కడివే మిగిలావు."

ఇంకొకడు ఉండేవాడు. ఆ ముఠా గ్యారేజీలోనే జాకీ జారి, బండి మీదపడి పోయాడన్నారు. జాకీ దానంతటది జారదని ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. బయటికొచ్చేసరికి జేబులో ఫోను మోగుతోంది. అక్క. నత్త ఎత్తలేదు. ఎత్తి ఏం చెబుతాడు?

పెట్టుడు మీసం, జిడ్డు బనీను, పళ్ల సందున అగ్గిపుల్ల. మెకానిక్ వేషంలో గ్యారేజీ చేరాడు. ముఠా నాయకుణ్ణి సూటు అంటారు. ఎండలోనూ కోటు విప్పని రకం.

"తుపాకి గుళ్లు దిగకుండా రేకులు బిగించాం. బరువెక్కి గేరు మారేటప్పుడు జారుతోంది," అన్నాడు సూటు. "ఎత్తు ఎక్కాలంటే ముసలిదానిలా ఆయాసం. గేరు ఠక్కున పడాలి. తేడా వచ్చిందో, నీకంటే ముందొచ్చినవాణ్ణి అడుగు ఎలా ఉంటుందో."

నత్త గేర్‌బాక్సులో ఆయిల్‌ని నడిపించే వాల్వ్ బాడీ దించాడు. మెత్తటి స్ప్రింగులు తీసి గట్టివి పెట్టాడు, ఆయిల్ ప్రెజర్ పెంచాడు. పనిలో పనిగా డిపార్టుమెంటు ఇచ్చిన అగ్గిపెట్టెంత రిసీవరు ఒకటి లోపల దాచాడు. రిమోట్ నొక్కితే బండి పరుగులో ఉండగానే కింది గేరులోకి కూలబడుతుంది.

అప్పుడు వచ్చింది మైనా. ఆమె సెంటు ముందు గేరాయిల్ వాసన కూడా తలవంచింది. ముఠాలో మన తరఫు మనిషి ఆమే.

"పాత టైర్లకి గాలి కొడతారా?"

"గాలుంటే కొడతాం, లేదంటే ఊదుతాం."

కోడ్ కుదిరింది. నత్త గొంతు తగ్గించాడు. "ఇకమీద ఈ బండొక్కటే గేరు గేరుకీ తంతుంది. మా బావని ఇందులోనే ఎక్కించు. వంతెన మీద నేను గుర్తుపడతా."

మైనా తియ్యగా నవ్వి, సూటు వైపు తిరిగింది. "ఒక్కదానికే ఏంటి? మూడింటికీ చేయించు. మూడూ ఒకేలా తన్నాలి." మళ్లీ నత్త చెవి దగ్గర వంగింది. "పాపం, మీ పెద్దసారు నన్నింకా నమ్ముతున్నాడు."

నత్త నోట్లో అగ్గిపుల్ల విరిగింది. మిగిలిన రెండు బళ్లూ విప్పాడు, వాటిలోనూ రిసీవర్లు దాచాడు.

పనయ్యాక సూటు మూలనున్న పాత వ్యాను చూపించాడు. "దాని కిందేదో కారుతోంది. చూసి పో."

విప్పిన టైరొకటి తన పక్కనే బండి కిందకి దూర్చనిదే నత్త ఏ బండి కిందా పడుకోడు. గురువు నేర్పిన అలవాటది. గేర్‌బాక్సుల్లోంచి తీసిన పాత ఆయిల్ డబ్బాతో కిందకి దూరాడు. సూటు తన బూటుతో జాకీని తన్నాడు. వ్యాను టైరు మీద పడి ఆగింది. డబ్బా ఒరిగింది. ఆ ఆయిల్ ఎర్రగా ఉంటుంది తల్లీ, చూసినవాళ్లకి నెత్తురే.

"వీడూ పోయాడు," అన్నాడు సూటు, బూటు తుడుచుకుంటూ. వంగి చూస్తే కోటు పాడవుతుందని చూడలేదు. వాళ్లు వెళ్లాక నత్త మెల్లగా బయటికి పాకాడు.

మర్నాడు మధ్యాహ్నం నత్త వంతెన దగ్గర టోల్ గదిలో ఉన్నాడు. చేతిలో రిమోట్. ఒకసారి ఒక బండికే పనిచేస్తుంది. రెండోది మీటేలోపు వాళ్ల రేడియోలో కబురు అందిపోతుంది.

మొదటి బండి గేటు దాటి ఎత్తు ఎక్కింది. రెండో గేరు పడింది, తన్నింది. మూడో గేరు పడింది, తన్నింది. రెండో బండీ అంతే.

మూడో బండి పెరుగన్నంలో గరిటెలా మెత్తగా వెళ్తోంది.

"ఏ బండి? తొందరగా చెప్పవయ్యా!" చెవిలో పెద్దసారు అరిచాడు.

తన చేత్తో చేసిన పని, మూడింటికీ ఒకటే. ఇది మాత్రం ఎందుకు తన్నదు? డ్రైవరు గేరు పడేముందు యాక్సిలరేటరు మీంచి కాలు తేలుస్తున్నాడు. అంత అపురూపంగా నడుపుతున్నాడంటే లోపల కుదుపు తగలకూడనిదేదో ఉంది. మెడ దగ్గర సూది!

"తన్నని బండే సార్," అన్నాడు. నొక్కాడు.

ఎస్‌యూవీ గోడకి గుద్దుకున్నట్టు కుంగింది. బావని వాళ్లే బెల్టుతో బిగించి కట్టేశారు, కదల్లేదు. సూది పట్టుకుని పక్కకి తిరిగి కూర్చున్న మైనాకి బెల్టు లేదు. ముందు సీటు మీదికి ఎగిరిపడింది. సూది బండి నడుపుతున్న సూటు భుజంలో, కోటు మీంచే దిగింది.

వంతెన చివర గేటు పడింది. మిగతా రెండు బళ్లకీ తుపాకులు గురిపెట్టారు. నత్త దొంగతాళంతో తలుపు తీశాడు. మెకానిక్ చేతికి తాళాలిచ్చినవాడిదే తప్పు.

"నువ్వు చచ్చావుగా!" అంది మైనా, చిట్లిన పెదవితో.

"గాలి కొట్టించుకున్నా."

గంతలు విప్పగానే బావ తిట్టడం మొదలెట్టాడు. "ఏ గాడిదరా ఇంత మోటుగా గేరు పడేలా చేసింది?"

"నేనే బావా. అక్క ఫోన్లో ఉంది, ముందు మాట్లాడు."

ఇక ఆపు తల్లీ. ఇది మీ బాబాయికి చదివి వినిపించు. పెద్ద బండికి గేర్‌బాక్స్ గట్టిచేయించుకుని, తంతోందని మెకానిక్ మీద అరుస్తున్నాడట. తన్నినన్నాళ్లూ నిశ్చింతగా ఉండమను. మెత్తగా పోయిన రోజున మాత్రం, వెనక సీట్లో ఎవరున్నారో ఒకసారి తిరిగి చూసుకోమను.