పేరు చివర చుక్క

ఉప్పలయ్య శవం నాచారం ఆసుపత్రి మూడో అంతస్తులో ఇంకా స్ట్రెచర్ మీదే ఉంది. రిటైర్డ్ రైల్వే ఫిట్టర్. ప్రాణం పోయింది 11.48కి.

ఆపరేషన్ మధ్యలో రక్తం అవసరమైంది. ఏ రక్తం సరిపోతుందో చెప్పే క్రాస్‌మ్యాచ్ రిపోర్టు ల్యాబ్ కంప్యూటర్లో సిద్ధంగానే ఉంది. థియేటర్ స్క్రీన్ మీద మాత్రం 'సర్వర్ దొరకలేదు' అని వచ్చింది. కాగితం మీద రాయించి పైకి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఇన్‌స్పెక్టర్ ధనశ్రీ 2.10కి వచ్చింది. మేనేజర్ అచ్యుతరావు గదిలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆసుపత్రి సిస్టమ్ అడ్మిన్ గ్రేస్. ఆమెకు ముందు ఆ పని చూసిన కాంట్రాక్టర్ సుధీంద్ర.

"ఈమే చంపింది," అన్నాడు అచ్యుతరావు. "కొత్త సర్వర్ పెడతానంది. పెట్టింది. మనిషి పోయాడు."

"ఏం సర్వర్?"

"పేరు అడిగితే అడ్రస్ జెప్పేది మేడమ్," అంది గ్రేస్. "ల్యాబ్ ఏడుందని థియేటర్ కంప్యూటర్ దీన్నే అడుగుతది. యూనిక్స్ మెషీన్ మీద సోమవారం నేనే పెట్టిన. మూడు రోజులు మంచిగనే నడిచింది."

"ఇయ్యాల?"

"11.06కి ల్యాబ్ అడ్రస్ జెప్పుడు ఆగింది. నేను 11.15కి వచ్చిన. పేర్లు, అడ్రసులు ఉండే ఫైల్ తెరుద్దామని పోతే సార్ నన్ను బయటికి నెట్టి సర్వర్ గదికి తాళమేసిండు."

"వేశాను. ఇంకా చెడగొడుతుందని. తాళంచెవి నా జేబులోనే ఉంది."

సుధీంద్ర నవ్వాడు. "పేరు చివర చుక్క పెట్టడం కూడా రానివాళ్లకి సర్వర్ అప్పజెప్తే ఇంతేనండీ."

"నువ్వు నోరు మూసుకో," అంది గ్రేస్.

ధనశ్రీ తాళంచెవి తీసుకుంది. గ్రేస్‌ను వెంటబెట్టుకుని సర్వర్ గదికి వెళ్లి ఫైల్ తెరిపించింది.

ప్రతి పూర్తి పేరు చివరా చుక్క ఉంది. ల్యాబ్ పేరు దగ్గర లేదు.

"చుక్క లేకుంటే ఆ పేరుకు మన ఆసుపత్రి పేరు ఇంకోసారి అతుకుతది. గసుంటి అడ్రస్ ఏడా ఉండదు." గ్రేస్ ల్యాబ్ పేరు మీద వేలు పెట్టింది. "ఇది నేను తీసింది గాదు మేడమ్."

సర్వర్ రికార్డు ప్రకారం ఫైల్ మారింది 11.04కి. లాగిన్ గ్రేస్‌ది. కంప్యూటర్ రెండో అంతస్తుది.

"11.04కి ఏడున్నవ్?"

"చిల్కానగర్ నుంచి ఆటోల వస్తున్న."

ధనశ్రీ గేటు కెమెరా చూసింది. గ్రేస్ లోపలికి వచ్చింది 11.13కి. తర్వాత రెండో అంతస్తు కెమెరా చూసింది.

3.05కి మళ్లీ మేనేజర్ గది.

"సుధీంద్ర, చుక్క సంగతి నీకెవరు జెప్పిన్రు?"

"కొత్తవాళ్లు ఎవరైనా చేసే తప్పే కదండీ."

"తప్పులు నూరుంటయి. గదొక్కటే ఎట్ల జెప్పినవ్? ఫైల్ గ్రేస్ సూడలే. సార్ సూడలే. తాళం నేనొచ్చి తీసిన."

సుధీంద్ర తలుపు వైపు ఓ అడుగు వేశాడు.

"10.50కి సామాన్లు తీసుకపోతనని వచ్చి రెండో అంతస్తుల కంప్యూటర్ ముంగట కూసున్నవ్, కెమెరాల ఉంది. గ్రేస్‌కు తొలి పాస్‌వర్డ్ ఇచ్చింది నువ్వే. ఆమె మార్చలే."

గ్రేస్ తల దించుకుంది.

"సర్వర్ పది నిమిషాలు ఆగితే మళ్లీ నన్నే పిలుస్తారనుకున్నాను," అన్నాడు సుధీంద్ర చివరికి. "ఆపరేషన్ జరుగుతోందని నాకు తెలీదు."

"ఆసుపత్రిల ఆపరేషన్లు జరుగుతయని తెల్వదా?"

కానిస్టేబుల్ అతన్ని తీసుకుపోయాడు.

అచ్యుతరావు గొంతు సవరించుకున్నాడు. "గ్రేస్, ఇందాక అన్న మాటలు మనసులో పెట్టుకోకమ్మా."

"నాకు గాదు సార్. బయట ఉప్పలయ్య కొడుకు కూసున్నడు. నేనే సంపిన్నని ఆయనకు జెప్పింది మీరు. పోయి ఆయనకు జెప్పున్రి."

అచ్యుతరావు కుర్చీలోంచి లేవలేదు.

ధనశ్రీ తలుపు తెరిచి పట్టుకుంది. "లేవున్రి సార్," అంది.