మంచు నిలవని దారి

ఆ పొద్దున ఆకాశం బూడిద రంగులో బాగా కిందికి దిగి, ఆగకుండా మంచు కురిపిస్తోంది. జపాన్ ఉత్తరాన ఉన్న ఈ హొక్కైదోలో జనవరి అంటే అంతే. కానీ మేం ఈల్ చేపలు పెంచే షెడ్డు గుమ్మం నుంచి పక్కనున్న డేటా సెంటర్ దాకా సన్నటి దారి ఒకటి నల్లగా, తడిగా, ఆవిరి కక్కుతోంది.

పార పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రోజూ ఆ దారి మీద మంచు ఎత్తేది నేనే. మధ్యాహ్నం డేటా సెంటర్ నుంచి మిజుహో అన్నం డబ్బాతో ఆ దారినే వస్తుంది. “మీ షెడ్డు వెచ్చగా ఉంటుంది” అంటుంది. ఆ వెచ్చదనం వాళ్ళదే. అక్కడి కంప్యూటర్లను చల్లబరిచే ద్రవం మోసుకొచ్చే వేడితోనే మా తొట్లలో నీళ్ళు వేడెక్కుతాయి. ఆ గొట్టాల ఇంజనీరు ఆమే.

ముందురోజు తింటూ తింటూ అడిగింది.

“తకాబే గారూ, సోమవారంలోగా టోక్యో ఆఫీసుకి జవాబివ్వాలి. ఇక్కడే ఉండనా, వెనక్కి వెళ్ళిపోనా?”



“చేపలకి మేత వేయాలి” అని లేచాను.

ఇప్పుడేమో ఈ దారి! దాని కింద వాడకుండా వదిలేసిన పాత గొట్టం ఉంది. అది లీకవుతోందనుకుని మా వైపు వాల్వు బిగించేశాను. సాయంత్రానికి దారి మళ్ళీ తెల్లబడింది. మంచి పనే చేశాననుకున్నాను.

మర్నాడు మంచు ఎత్తి ఉంచినా ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మా బామ్మ తొట్టి మీంచి తలెత్తింది.

“ఏం చేశావురా?”

“ఏమీ చేయలేదే.”

“అదేరా నీ జబ్బు. పో, వెళ్ళి అడుగు.”

డేటా సెంటర్ గుమ్మంలో మిజుహో చేతులు కట్టుకుని నిలబడింది.

“వాల్వు కట్టేసింది మీరేగా?”

“అవును. లీకవుతుంటేనూ...”

“లీకా! కొత్త కూలింగ్ పెట్టాక మీ చేపలకు పోను ఇంకా వేడి మిగులుతోంది. దాన్ని నేనే అందులోకి వదిలాను.”

“ఎందుకు?”

“మీ నడుము కోసం! పార పట్టినప్పుడల్లా నడుం పట్టుకుంటారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా.” ఆమె ముక్కు ఎర్రబడింది. చలికో, కోపానికో నాకు తెలియలేదు. “మీరేమో కట్టేశారు. అదే మీ జవాబనుకున్నా. రావద్దని.”

“నేనలా ఎప్పుడన్నాను?”

“మీరసలు ఏదైనా అంటేగా!”

నేను వెనుదిరిగాను.

“చూశారా, మళ్ళీ వెళ్ళిపోతున్నారు!”

షెడ్డులోకి వెళ్ళి వాల్వు పూర్తిగా విప్పాను. వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆ చివర ఆమె, ఈ చివర నేను. మధ్యలో మంచు మెల్లగా కుంగి, కరిగి, ఆవిరి లేచింది. ఆమె ముఖం కనబడకుండా పోయింది. అప్పుడు నోరొచ్చింది నాకు.

“మిజుహో గారూ... వెళ్ళొద్దు!”

“వినపడలేదు!”

“వెళ్ళొద్దు!”

“నాకు వినపడింది!” లోపల్నించి బామ్మ అరిచింది.

ఆవిరిలోంచి ముందు అన్నం డబ్బా కనబడింది. తర్వాత ఆమె.

కాల్చిన ఈల్ ముక్కలు పరిచిన అన్నం గిన్నెలు మా ముందు పెట్టి, బామ్మ తన గిన్నెతో తొట్ల వెనక్కి వెళ్ళిపోయింది. మిజుహో తన డబ్బా తెరిచి, ఉప్పులో ఊరిన రేగుపండంత ఎర్ర పండు తీసి నా అన్నం మీద పెట్టింది. నేను పెద్ద ఈల్ ముక్కను ఆమె గిన్నెలోకి జరిపాను.

“టోక్యోకి రానని రాసేస్తాను” అంటూ ఆమె ఆ ముక్క కొరికింది.